రెట్ట చూసి మందు

పొద్దున్నే గంప ఎత్తి కోళ్లని వదిలేటప్పుడు మీరు ముందు చూసేది గుడ్డునే కదా. ఉంటే చేతిలోకి తీసుకుని లోపలికి వెళ్లిపోతారు. తప్పేం లేదు, ఇంత చాకిరీ చేసేది దానికోసమే. కానీ ఆ గుడ్డు పక్కనే ఇంకోటి కూడా పడి ఉంటుంది. దాన్ని చీపురుతో ఊడ్చి పెంటకుప్ప మీద పారేస్తాం. ఇవాళ నేను కబుర్లాడబోయేది దాని గురించే. కాఫీ తాగుతూ చదివేవాళ్లు ముందు గ్లాసు ఖాళీ చేసి రండి, తరవాత నన్ను తిట్టుకోవద్దు.

నాటుకోళ్లు పెంచేవాళ్లు నలుగురు ఒకచోట చేరితే కాసేపటికి మాట నట్టల మందు మీదికి వస్తుంది. నెలకోసారి పొయ్యాలని ఒకాయన. మూణ్ణెల్లకోసారి చాలని ఇంకొకాయన. మూడో ఆయన మాత్రం మీసం దువ్వుకుంటూ, ‘మా అమ్మ జన్మలో కోడికి మందు పొయ్యలేదు, మా ఇంట్లో కోళ్లు బతకలేదా?’ అంటాడు. నాకు ఈ మూడో ఆయనతోనే వాదించాలనిపిస్తుంది. బతికాయి బాబూ, నిజమే. అప్పుడు మీ అమ్మగారి కోళ్లు ఊరంతా మేసేవి. కళ్లంలో గింజలు, గడ్డివాముల కింద పురుగులు, నాలుగిళ్ల అవతలి పెంటకుప్ప. ఒకచోట వేసిన రెట్టని మళ్లీ అక్కడే గీరి తినే అవసరం వాటికి తక్కువ. పైగా పన్నెండు పిల్లల్లో ఐదు మిగిలితే తక్కిన ఏడింటినీ గద్ద లెక్కలో రాసేసేవారు. అందులో ఎన్ని గద్ద పాలయ్యాయో, ఎన్ని పేగుల్లో పాములతో పోయాయో చూసినవాళ్లు లేరు.

మరి ఇప్పుడో? ఇంటి వెనక నాలుగు సెంట్ల జాగా, చుట్టూ వల, అందులో పాతిక కోళ్లు. తినేది అక్కడే, రెట్ట వేసేది అక్కడే, వాన పడితే ఆ బురదలోనే గీరుకునేది. నట్టలకి ఇంతకన్నా ఏం కావాలి చెప్పండి.

నట్టలని అందరం ఒకే గాటన కట్టేస్తాం గానీ లోపల ఉండేవి రకరకాలు. పెద్దది ఏలికపాము. శాస్త్రంలో దీని పేరు అస్కారిడియా గాల్లి. కోడిని కోసినప్పుడు చిన్నపేగుని పారెయ్యకుండా నిలువునా చీల్చి చూడండి. తెల్లగా, ఉడికిన సేమ్యాలా, రెండు మూడంగుళాల నుంచి నాలుగంగుళాల దాకా ఉండేవి కనిపిస్తే అవే. పెరటి కోళ్లవాళ్లకి ఇంతకన్నా చవకైన పరీక్ష లేదు. ఆదివారం పూట కూర కోసం ఎలాగూ ఒకదాన్ని కోస్తాం కదా. మా వీధిలో ఒక పిన్నిగారు కందనకాయ, కార్జం ఎంత శ్రద్ధగా ఏరుకుంటారో, పేగుని కూడా అంత శ్రద్ధగానూ చీల్చి చూస్తారు. మందు కొనాలా వద్దా అన్నది సగం అక్కడే తేలిపోతుందంటారు ఆవిడ.

ఈ ఏలికపాము పెట్టే గుడ్లు రెట్టతో బయటపడతాయి. పడ్డ వెంటనే వాటితో ప్రమాదం లేదు. లోపల పిల్ల తయారవ్వాలంటే వెచ్చదనం, తడి కావాలి. మన వాతావరణంలో రెండు మూడు వారాలు చాలు. ఆ తరవాత కోడి వాటిని గింజతో పాటు మింగితే, పేగులో మళ్లీ పెరిగి, గుడ్లు పెట్టే వయసుకి రావడానికి ఐదు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఈ ఐదు, ఎనిమిది అన్న అంకెలు కాస్త గుర్తుంచుకోండి, ఇందాక అడిగిన ‘ఎప్పుడు’ అన్న ప్రశ్నకి జవాబు వాటి దగ్గరే ఉంది. ఇంకో సంగతి, ఆ గుడ్డుకి పెంకు మహా గట్టిది. నీడపట్టున తడి నేలలో నెలల తరబడి చావకుండా ఉంటుంది. ఫినాయిలు చల్లి చంపేశామనుకోవడం మన తృప్తికే. నిజంగా దాన్ని చంపేవి మన రోహిణి కార్తె ఎండ, పొడి నేల.

బద్దెపురుగుల దారి వేరు. వాటి గుడ్డు కోడి నుంచి కోడికి నేరుగా రాదు, మధ్యలో ఒక పురుగు ఉండాలి. రైలియెటినా అనే జాతిలో రెండు రకాలకి ఆ పురుగు చీమ. ఇంకో రకానికి పేడపురుగుల్లాంటి పెంకుపురుగులు. మరో బద్దెపురుగుకి ఇంట్లో తిరిగే ఈగ. డావైనియా అని ఇంకోటుంది, మహా అయితే నాలుగు మిల్లీమీటర్లు, దానికి నత్త కావాలి. చూడ్డానికి అంత చిన్నదే గానీ పేగుకి చేసే చెరుపు మాత్రం పెద్దవాటికన్నా ఎక్కువ. పెరటి కోడికి చీమలు, ఈగలు, నత్తలు దొరక్కుండా చెయ్యడం ఎవరి తరం? అందుకే నాటుకోళ్లలో బద్దెపురుగులు అంత మామూలు. వీటిలో ఒకటి పేగు గోడ మీద గడ్డలు గడ్డలుగా లేపుతుంది, చూసినవాళ్లు కోడికి క్షయ పట్టిందని హడలిపోతారు.

పేగు చివర ఉండే రెండు తిత్తుల్లో సెంటీమీటరు పొడుగున సన్నటి పాములు ఉంటాయి. కోడికి వాటితో పెద్ద నష్టం లేదు. కానీ మీ పెరట్లో సీమకోళ్లు, అదేనండీ టర్కీలు, ఉంటే మాత్రం కథ మారుతుంది. ఈ పాము గుడ్డులో ఇంకో సూక్ష్మజీవి దాగి ఉంటుంది, ఆ గుడ్డుని వానపాము మింగి దాచిపెడుతుంది, ఆ వానపాముని సీమకోడి తింటుంది, దాని కార్జం పాడై చచ్చిపోతుంది. నాటుకోళ్లనీ సీమకోళ్లనీ ఒకే నేల మీద పెంచొద్దని పెద్దలు చెప్పేది ఇందుకే.

కంటి పాము సంగతి కూడా చెప్పేస్తాను, ఇది కాస్త పక్కదారే అయినా. కోడి ఊరికే కన్ను గోక్కుంటూ, రెప్పలు వాచి నీళ్లు కారుస్తుంటే రెప్ప వెనక సన్నటి పాములు ఉండొచ్చు. వాటిని మోసుకొచ్చేది ఒక రకం బొద్దింక. పాము పేరు మాన్సన్ కంటి పురుగు. బోదకాలు పురుగు దోమలో పెరుగుతుందని 1877లో కనిపెట్టిన పాట్రిక్ మాన్సన్ పేరే అది. ఆయన్ని గురువుగా భావించిన రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న మన సికిందరాబాదులోనే దోమ కడుపులో మలేరియా జీవిని చూశాడు. బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది. చూశారా, కోడి కంట్లో నలుసు వెతకబోతే ఎక్కడ తేలామో!

సరే, మందు దగ్గరికి వద్దాం. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడిలో పిల్లలకి ఆల్బెండజోల్ మాత్ర చప్పరింపజేస్తారు కదా, నులిపురుగుల నివారణ దినమని. అది చూసి కోళ్లకీ అలా ఒక తేదీ పెట్టేసుకుంటే పోలా అని చాలామంది అడుగుతారు. పిల్లల విషయంలో అది సబబే. లక్షల మంది పిల్లల్లో ఒక్కొక్కరికీ మల పరీక్ష చెయ్యడంకన్నా మాత్ర ఇవ్వడమే తేలిక. మీ పాతిక కోళ్లకి ఆ ఇబ్బంది లేదే! పది చోట్ల రెట్ట ఏరి ఒక్క సీసాలో వేస్తే మంద మొత్తం సంగతీ ఒక్క పరీక్షలో తెలుస్తుంది. పైగా పరీక్ష లేకుండా తేదీ ప్రకారం పోస్తూ పోతే నట్టలు మందుకి అలవాటు పడిపోతాయి. అమెరికాలో సీమకోళ్ల పేగుల్లోని ఏలికపాములకి ఫెన్‌బెండజోల్ పని చెయ్యడం మానేసిందని ఈమధ్యే తేలింది. అందుకని నా ఓటు రెట్టకే, క్యాలెండరుకి కాదు.

రెట్ట ఎలా పట్టుకెళ్లాలంటారా? తెల్లవారుజామున, కోళ్లు రాత్రి పడుకున్న చోట తాజాగా పడినవి, ఒక్క కోడివే కాకుండా నాలుగైదు మూలల నుంచి కొంచెం కొంచెం తీసి, మూత ఉన్న శుభ్రమైన డబ్బాలో వెయ్యండి. ఎండలో పెట్టకుండా ఆ పూటే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. అక్కడ చిక్కటి ఉప్పునీళ్లలో కలిపి కాసేపు ఆగితే పాము గుడ్లు తేలికవి కనక పైకి తేలతాయి. వాటిని మైక్రోస్కోపు కింద చూసి లెక్కపెడతారు. మా డాక్టరుగారు మొదట్లో నావంక వింతగా చూశారు. గేదెల పేడ తెచ్చేవాళ్లే తక్కువ, కోడి రెట్ట తెచ్చేవాడెవడని. ఇప్పుడు అలవాటైపోయింది, డబ్బా చూడగానే కాంపౌండరుగారే పలక మీద చుక్క వేసేస్తున్నారు.

ఈ పరీక్షకి రెండు లోపాలున్నాయి, అవీ తెలియాలి. పేగులో ఉన్నవి ఇంకా పిల్లపాములైతే గుడ్లు పెట్టవు, రెట్టలో ఏమీ కనిపించదు, కానీ కోడిపిల్ల మాత్రం చిక్కిపోతూ ఉంటుంది. బద్దెపురుగులు గుడ్లని విడిగా వదలకుండా తమ ఒంటి ముక్కల్నే తెంపి వదులుతాయి కాబట్టి అవీ తప్పించుకోవచ్చు. తాజా రెట్ట మీద తెల్లటి చిన్న ముక్కలు మెదులుతుంటే అది మీ కళ్లే పట్టుకోవాలి.

కళ్లతో చూడ్డంలోనూ తికమకలున్నాయి. కోడి రోజుకి కొన్నిసార్లు మామూలు రెట్ట కాకుండా గోధుమరంగులో జిగటగా, గబ్బు కొట్టే రెట్ట వేస్తుంది. పేగు చివరి తిత్తుల నుంచి వచ్చేదది, ఆరోగ్యంగా ఉన్న కోడి వేసేదే. అది చూసి పరుగున మందుల షాపుకి వెళ్లినవాళ్లు నాకు తెలుసు. అలాగే మూడు వారాల నుంచి రెండు నెలల లోపు పిల్లలు రెక్కలు వేలాడేసి, ముడుచుకుని, ఎర్రగా రెట్ట వేస్తుంటే అది నట్టల పని కాకపోవచ్చు. కాక్సీడియా రోగం అయ్యుండొచ్చు. దానికి నట్టల మందు సీసా మొత్తం పోసినా లాభం లేదు, మందే వేరు. ఆ రోగం రోజుల్లో పిల్లల్ని తుడిచిపెట్టేస్తుంది, కాబట్టి ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మీ మండలంలో సంచార పశువైద్య వాహనం తిరుగుతుంటే 1962కి ఫోను చెయ్యండి, డబ్బులు పడవు.

నట్టలు బాగా ముదిరిన కోడి ఎలా ఉంటుందంటే, తింటుంది గానీ ఒంటబట్టదు. రొమ్ము ఎముక చేతికి పదునుగా తగులుతుంది. తలమీది జుట్టు ఎరుపు తగ్గి పాలిపోతుంది. గుడ్లు తగ్గుతాయి. ఇవన్నీ పేల వల్లా రావచ్చు, ఈకలు మార్చుకునే కాలంలోనూ రావచ్చు, వట్టి నూకలు, తవుడుతో సరిపెట్టినా రావచ్చు. అందుకే ముందు రెక్కల కింద పేలున్నాయేమో చూడండి, తరవాత మేత సంగతి చూసుకోండి, ఆపైన రెట్ట డబ్బా.

ఇప్పుడు ఐదు, ఎనిమిది అన్న అంకెల దగ్గరికి వద్దాం. తల్లికోడి కింద పొదిగిన పిల్లలు రెండో రోజు నుంచే అమ్మ వెంట మట్టి గీరుతాయి. ఏడో వారం దగ్గరపడేసరికి వాటి పేగుల్లో పాములు పెద్దవవుతుంటాయి. ఇంకోపక్క కొక్కెర తెగులుకి ఎనిమిదో వారంలో ఆర్2బి టీకా వేయిస్తాం. ఆ టీకాకి వారం ముందు నట్టల మందు పోస్తే లోపలి బరువు దిగి టీకా బాగా పడుతుందని వైద్యులు చెప్పే లెక్క దీంతో చక్కగా కలుస్తుంది. కోడిపిల్లకి మూడు నెలలు దాటాక ఏలికపాముని తట్టుకునే శక్తి దానంతటదే పెరుగుతుంది కాబట్టి, ఏ మందుకైనా మొదటి హక్కు పిల్లలదే. పెద్ద కోడి తాను బాగానే ఉంటూ పిల్లలకి పంచిపెడుతుంది, అదీ చిక్కు.

రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థవాళ్ల వనరాజా, గ్రామప్రియ లాంటి పిల్లలు తెచ్చుకున్నవాళ్లకి మాత్రం లెక్క వేరు. వాటిని మొదటి ఆరు వారాలు లోపలే, పొట్టు పరిచి, దీపం కింద పెంచుతారు. మట్టి తగలని పిల్లకి ఏడో వారంలో నట్టల మందు దేనికి? వాటి వయసు పుట్టిన రోజు నుంచి కాకుండా పెరట్లోకి వదిలిన రోజు నుంచి లెక్కపెట్టండి. వదిలిన ఐదారు వారాలకి రెట్ట పరీక్ష చేయించండి, అప్పటికి చూడ్డానికి ఏదైనా ఉంటుంది.

పెద్దవాటికి నేను పట్టించుకునే వేళలు ఇవి. తొలకరి పడి నేల తడిసిన నెల రోజులకి ఒకసారి, వానలు వెనకపట్టాక ఇంకోసారి రెట్ట చూపించడం. పెట్ట పొదుగుకి కూర్చోబోయే ముందు తప్పకుండా చూపించడం, ఎందుకంటే రేపు పిల్లలు గీరేది దాని రెట్టనే. ఒకసారి పొదుగుకి కూర్చున్నాక మాత్రం దాన్ని కదపకండి, అప్పుడది తినేదే అంతంతమాత్రం. గోదావరి జిల్లాల్లో పందెం పుంజులు పెంచేవాళ్లు బాదం, జీడిపప్పు, కైమాల మేతకి దిగేముందు నట్టల మందు పోస్తారు. ఖరీదైన మేతంతా పాముల పాలవ్వకూడదని. పందేలు చట్టానికి విరుద్ధమని వాళ్లకీ తెలుసు, మనకీ తెలుసు. కానీ మేతకి ముందు మందు అన్న ఆ ఒక్క లెక్క మాత్రం సరైనదే.

మందు ఎంత పొయ్యాలన్న దగ్గరే అందరూ తడబడతారు. షాపులో దొరికే ఆల్బెండజోల్ సీసా గేదెల కోసం తయారైంది. దాని మీద రెండున్నర శాతం అని ఉంటే మిల్లీలీటరులో 25 మిల్లీగ్రాముల మందు ఉన్నట్టు. డాక్టరుగారు కిలో బరువుకి 10 మిల్లీగ్రాములు పొయ్యమన్నారనుకోండి, రెండు కిలోల పెట్టకి 20 మిల్లీగ్రాములు, అంటే 0.8 మిల్లీలీటరు. పక్క షాపులో పది శాతం సీసా ఇస్తే, అదే 0.8 పోస్తే నాలుగింతలు పోసినట్టే. అందుకని షాపువాడితో మాట్లాడేముందు సీసా మీది శాతం చదవండి. నాలుగు కిలోల అసీల్ పుంజుకీ, కిలోన్నర పెట్టకీ ఒకే కొలత పోసి చేతులు దులుపుకోవడం కూడా కుదరదు. కోడిని గోనెసంచిలో వేసి చేతి త్రాసుకి తగిలిస్తే బరువు క్షణంలో తేలిపోతుంది. ఈకలు మార్చుకునే కాలంలో ఫెన్‌బెండజోల్ వద్దు, పావురాల్లోనూ మరికొన్ని పక్షుల్లోనూ కొత్త ఈకలు వంకరగా వచ్చాయి. బద్దెపురుగులే పెద్ద బాధ అయితే ప్రాజిక్వాంటెల్ అనే వేరే మందు ఉంది, అది డాక్టరు రాసివ్వాలి.

నీళ్లలో కలిపేస్తే సరిపోదా అంటారు. మందుని బట్టి. పైపరజీన్, లెవమిసోల్ నీళ్లలో కరుగుతాయి. చల్లటి రోజుల్లో ఒక రెండు గంటలు నీళ్లు తీసేసి, తరవాత మందు నీళ్లు పెడితే ఆబగా తాగుతాయి. మే నెలలో ఆ పని చేశారో, నట్టలకన్నా ముందు కోళ్లు పోతాయి. పైపరజీన్ ఎదిగిన ఏలికపాముల్ని మాత్రమే పడగొడుతుంది. పిల్లపాములు మిగిలిపోతాయి కనక మూడు వారాలకి మళ్లీ పొయ్యాలి. ఆల్బెండజోల్ నీళ్లలో కరగదు, అడుగున పేరుకుంటుంది. ముందొచ్చిన పుంజు వట్టి నీళ్లు తాగుతుంది, ఆఖరున వచ్చిన బక్క పెట్ట అడుగున ఉన్న మందంతా మింగుతుంది. దాన్ని నోట్లో పొయ్యడమే మేలు.

పగలు కోడిని తరమకండి, దానికీ మీకూ ఆయాసం. చీకటి పడి గూట్లోకి చేరాక వెళితే పువ్వులా చేతికొస్తుంది. చంకలో ఇరికించుకుని, ముక్కు తెరిచి చూస్తే నాలుక వెనకాలే ఒక రంధ్రం తెరుచుకుంటూ మూసుకుంటూ కనిపిస్తుంది. అది ఊపిరి గొట్టం, అందులోకి చుక్క కూడా పోకూడదు. సూది తీసేసిన సిరంజితో నోటి పక్కగా ఒక్కో చుక్కా వదలండి, అది మింగాక ఇంకో చుక్క. మందు పోసిన కోడి కాలికి రంగు దారం కట్టండి, లేకపోతే చీకట్లో ఒకదానికే రెండుసార్లు పోస్తారు. ఆ తరవాత రెండు రోజులు గూట్లోనే ఉంచి రెట్టంతా ఊడ్చి దూరంగా పారెయ్యండి. బయటపడిన పాముల ఒంట్లో గుడ్లు ఇంకా ఉంటాయి మరి.

వేపాకు, వెల్లుల్లి, గుమ్మడి గింజల సంగతేంటని అడుగుతారని తెలుసు. వేపాకు పెట్టండి, నష్టం లేదు, నేనూ పెడతాను. కానీ పేగు నిండా పాములున్న పిల్లని వేపాకు కాపాడుతుందని నేను నమ్మను. ఆయుర్వేదంలో క్రిములకి వాయువిడంగాలు, మోదుగ గింజలు చెప్పారు. కోడికి ఎంత పెట్టాలో కొలత తెలియనిది పెట్టడం నా వల్ల కాదు. పొగాకు పొడి కలిపి పెట్టడం మాత్రం వద్దే వద్దు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో కోళ్ల ఏలికపాములకి అదే మందు, నిజమే. కానీ నికోటిన్‌లో మందు మోతాదుకీ విషానికీ మధ్య జాగా చాలా తక్కువ. బూడిదలో పొర్లితే పేలు పోవచ్చు గానీ పేగులో పాముకి బూడిద అందదు. పెరట్లో నిజంగా పనికొచ్చేది ఆకుకూర. ఎ విటమిన్ తక్కువైన కోడికి ఏలికపాములు తొందరగా పడతాయి. రెండు రెబ్బల మునగాకు, గుప్పెడు తోటకూర రోజూ వేలాడగట్టండి, ఎగిరి పొడుచుకుంటాయి.

వల ఉన్న జాగాని రెండు ముక్కలు చేసి, ఎండాకాలం ఒక ముక్కని ఖాళీగా వదిలేస్తే నేల కూడా కొంత తేటబడుతుంది. కుదిరితే పిల్లలకి పెద్దవి తిరగని ముక్కే ఇవ్వండి.

ఇక గుడ్ల సంగతి. మందు పోసిన రోజుల్లో పెట్టిన గుడ్లు తినొచ్చా అన్నదానికి జవాబు సీసా మీద, డాక్టరు నోట ఉంటుంది. పెరటి కోడికని రాయని మందు పోసినప్పుడు ఆయన చెప్పిన గడువు పూర్తయ్యేదాకా తినకండి, అమ్మకండి. ఏనాడో ఒకసారి పగలగొట్టిన గుడ్డులో తెల్లటి పాము కనిపిస్తే కంగారు పడకండి. పేగు దాటి, రెట్టా గుడ్డూ బయటికొచ్చే ఆ ఒకే ద్వారం గుండా గుడ్డు గొట్టంలోకి తప్పిపోయిన ఏలికపాము అది. మనుషుల పేగుల్లో బతికే రకం కాదు. కానీ ఆ గుడ్డు తినమని నేనూ అనను. మిగతావి దీపం ముందు పెట్టి చూసుకోండి, ఆ పెట్ట రెట్టని వేరే డబ్బాలో పట్టుకెళ్లండి.

మందు పోసిన పది, పద్నాలుగు రోజులకి మళ్లీ ఒకసారి రెట్ట పరీక్ష చేయించండి. గుడ్లు దాదాపు మాయమైతే మందు పనిచేసినట్టు. తగ్గలేదంటే కొలత తక్కువైందో, సీసా పాతదో, ఆ మందుకి మీ పెరటి పాములు అలవాటు పడ్డాయో డాక్టరుగారు తేలుస్తారు. అప్పటిదాకా అదే మందు ఇంకోసారి పొయ్యకండి.